ట్రాన్సిస్టర్ నిజంగా సాచురేషన్‌లో ఉందా? లెక్కతో, మీటరుతో తేల్చుకునే పద్ధతి

బేస్‌కు వోల్టేజి ఇచ్చాం, ఎల్ఈడీ వెలిగింది, కాబట్టి ట్రాన్సిస్టర్ సాచురేషన్‌లో (స్విచ్‌లా పూర్తిగా తెరుచుకుని) ఉన్నట్టే. బెంగళూరు ఇంజినీరింగ్ కాలేజీల్లో చివరి సంవత్సరం ప్రాజెక్టులు చేస్తున్న మన తెలుగు పిల్లలను అడిగితే తరచుగా వినిపించే జవాబు ఇదే. ఈ జవాబులో చిక్కుంది. సగం మాత్రమే తెరుచుకున్న ట్రాన్సిస్టర్ కూడా ఎల్ఈడీని వెలిగిస్తుంది, చిన్న మోటారును తిప్పుతుంది, అదృష్టం బాగుంటే రిలేను (కాయిల్ అయస్కాంతంతో పనిచేసే స్విచ్‌ను) కూడా టక్కుమనిపిస్తుంది. తేడా బయటపడేది ట్రాన్సిస్టర్‌ను వేలితో తాకినప్పుడు. లేదా బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ విడిభాగాలు దొరికే ఎస్పీ రోడ్డులో మరో దుకాణం నుంచి అదే నంబరు ట్రాన్సిస్టర్ తెచ్చి పెట్టగానే, నిన్నటి వరకు పనిచేసిన బోర్డు మొరాయించినప్పుడు.

ముందుగా ఒక మాట స్పష్టం చేసుకోవాలి. సాచురేషన్ ఒక్క ట్రాన్సిస్టర్‌కు చెందిన గుణం కాదు, దాని చుట్టూ ఉన్న సర్క్యూట్‌ది కూడా. 5 వోల్టుల సప్లై, 200 గెయిన్ (బేస్ కరెంటుకు కలెక్టర్ కరెంటు ఎన్ని రెట్లో ఆ సంఖ్య) ఉన్న బీసీ547 ట్రాన్సిస్టర్, బేస్‌లోకి 0.1 మిల్లీఆంపియర్ తీసుకోండి. కలెక్టర్‌లో 10 కిలోఓముల రెసిస్టర్ ఉంటే ఆ ట్రాన్సిస్టర్ గాఢమైన సాచురేషన్‌లో ఉంటుంది. ఆ రెసిస్టర్ తీసి 100 ఓములది పెట్టండి. బేస్ వైపు ఏమీ మారలేదు, అయినా సాచురేషన్ పోయింది. కలెక్టర్, ఎమిటర్ల మధ్య సుమారు 3 వోల్టులు నిలబడతాయి. అందుకే "ఈ ట్రాన్సిస్టర్ ఎంత బేస్ కరెంటుకు సాచురేట్ అవుతుంది?" అన్న ప్రశ్నకు లోడు (ట్రాన్సిస్టర్ నడిపే రెసిస్టర్, ఎల్ఈడీ, రిలే లాంటిది) ఏమిటో చెప్పకుండా జవాబు లేదు.

లోపల జరిగేది

ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్‌లో రెండు జంక్షన్లు ఉంటాయి: బేస్-ఎమిటర్ ఒకటి, బేస్-కలెక్టర్ ఒకటి. రెండూ మూసుకుని ఉంటే అది కటాఫ్. బేస్-ఎమిటర్ ఫార్వర్డ్‌లో (కరెంటు పారే వైపు), బేస్-కలెక్టర్ రివర్స్‌లో (అడ్డుకునే వైపు) ఉంటే యాక్టివ్. అప్పుడే బేస్ కరెంటును గెయిన్‌తో గుణిస్తే కలెక్టర్ కరెంటు వస్తుందన్న సూత్రం చెల్లుతుంది. రెండు జంక్షన్లూ ఫార్వర్డ్‌లోకి వస్తే సాచురేషన్. నిర్వచనం ఇంతే. 0.2 వోల్టులు వగైరా సంఖ్యలన్నీ దీని పర్యవసానాలు.

యాక్టివ్ నుంచి సాచురేషన్‌కు దారి ఇలా ఉంటుంది. బేస్ కరెంటు పెంచుతూ పోతే కలెక్టర్ కరెంటు పెరుగుతుంది. ఆ కరెంటు లోడు గుండానే రావాలి కాబట్టి లోడు మీద వోల్టేజి పెరిగి, కలెక్టర్ వద్ద మిగిలేది తగ్గుతుంది. తగ్గుతూ తగ్గుతూ అది బేస్ వోల్టేజి కంటే కిందికి దిగితే బేస్-కలెక్టర్ జంక్షన్ ఫార్వర్డ్ వైపు తిరుగుతుంది. ఇక బేస్‌కు ఎంత ఎక్కువ ఇచ్చినా కలెక్టర్ కరెంటు దాదాపు కదలదు. చెరువు తూము ఎంత పైకెత్తినా కాలువ పట్టినన్ని నీళ్లే కదా పారేది.

కాగితం మీద గుమ్మం దగ్గర కలెక్టర్-ఎమిటర్ వోల్టేజి బేస్-ఎమిటర్ వోల్టేజితో సమానం, అంటే 0.7 వోల్టుల దరిదాపు. కానీ జంక్షన్ మీద అరవోల్టుకు దగ్గరగా ఫార్వర్డ్ వోల్టేజి పడేదాకా అది గట్టిగా కండక్ట్ చేయదు. కాబట్టి చిన్న ట్రాన్సిస్టర్లలో 0.7 నుంచి 0.3 వరకు గుమ్మం అనుకోండి. అంతకు దిగువన ఉంటే ఇంట్లోకి వచ్చినట్టు.

మొదటి మెట్టు: చేతిలో ఉన్నది ఏమిటో, ఏ కాలు ఏదో

ఇది చిన్నతనంగా అనిపించినా చాలా సమస్యలు ఇక్కడే మొదలవుతాయి. బీసీ547ను చదునైన ముఖం మీ వైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి వరుస కలెక్టర్, బేస్, ఎమిటర్. ప్లాస్టిక్ పీఎన్2222ఏ అయితే ఎమిటర్, బేస్, కలెక్టర్. పేరులో ఒక్క అంకె ఎక్కువున్న పీ2ఎన్2222ఏలో మళ్లీ కలెక్టర్, బేస్, ఎమిటర్. చివరి రెండూ ఒకే గుణాల ట్రాన్సిస్టర్లే, కాళ్లు మాత్రం తారుమారు. దుకాణంలో "2222 కావాలి" అంటే రెండింటిలో ఏదైనా చేతికి రావచ్చు. మల్టీమీటర్ డయోడ్ పరీక్షతో బేస్‌ను గుర్తించవచ్చు. ఎర్ర ప్రోబ్ బేస్ మీద పెట్టి నల్ల ప్రోబ్‌తో మిగతా రెండు కాళ్లనూ తాకితే, ఎమిటర్ వైపు వచ్చే అంకె సాధారణంగా కలెక్టర్ వైపు అంకె కంటే కొద్దిగా ఎక్కువ ఉంటుంది.

తర్వాత ఆ నంబరు డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) తెరవండి. కావలసినవి రెండే వరుసలు. మొదటిది కరెంటు గెయిన్. బీసీ547కు అది 110 నుంచి 800 దాకా ఎక్కడైనా ఉండవచ్చు. చివర 'ఏ' (A) అన్న అక్షరం ఉంటే 110-220, 'బీ' (B) ఉంటే 200-450, 'సీ' (C) ఉంటే 420-800. అదీ 2 మిల్లీఆంపియర్ల వద్ద మాత్రమే. కరెంటు 100 మిల్లీఆంపియర్ల వైపు వెళ్లే కొద్దీ గెయిన్ పడిపోతుంది. రెండో వరుస కలెక్టర్-ఎమిటర్ సాచురేషన్ వోల్టేజి. బీసీ547కు ఇది కలెక్టర్‌లో 10, బేస్‌లో 0.5 మిల్లీఆంపియర్ల వద్ద గరిష్ఠంగా 0.25 వోల్టు. కలెక్టర్‌లో 100, బేస్‌లో 5 ఉన్నప్పుడు 0.6 వోల్టు.

ఆ షరతులను మరోసారి చూడండి. రెండు చోట్లా కలెక్టర్ కరెంటు బేస్ కరెంటుకు సరిగ్గా 20 రెట్లు. గెయిన్ కనీసం 110 అని పైవరుసలో చెప్పిన తయారీదారే, సాచురేషన్‌కు హామీ ఇచ్చేటప్పుడు 20కి దిగివచ్చాడు. 2ఎన్2222ఏలో అది 10: కలెక్టర్‌లో 150, బేస్‌లో 15 మిల్లీఆంపియర్లకు 0.3 వోల్టు, 500కు 50 ఇస్తే ఏకంగా 1 వోల్టు. సాచురేషన్ అంటే 0.2 వోల్టులని పాఠ్యపుస్తకం చెప్పిన మాట వేదవాక్కు కాదని దీన్ని బట్టి తెలుస్తోంది. భారీ కరెంటు వద్ద 0.8 వోల్టు చూపిస్తున్న ట్రాన్సిస్టర్ పూర్తిగా సాచురేషన్‌లోనే ఉండవచ్చు.

రెండో మెట్టు: లోడు ఎటువైపు ఉంది?

లెక్కలు మొదలుపెట్టేముందు బొమ్మను ఒకసారి చూడండి. ఎన్‌పీఎన్‌లో లోడు సప్లైకీ కలెక్టర్‌కూ మధ్య ఉండి, ఎమిటర్ నేరుగా గ్రౌండ్‌కు వెళ్తే సాచురేషన్ సాధ్యం. కలెక్టర్ నేరుగా సప్లైకి, లోడు ఎమిటర్ కింద ఉంటే అది ఎమిటర్ ఫాలోయర్. అక్కడ బేస్ వోల్టేజి సప్లైని దాటితే తప్ప బేస్-కలెక్టర్ జంక్షన్ ఫార్వర్డ్‌లోకి రాదు. మైక్రోకంట్రోలర్ పిన్ను ఆ పని చేయలేదు.

12 వోల్టుల రిలేను ఎమిటర్ కింద పెట్టి, బేస్‌కు 5 వోల్టులిస్తే రిలేకు చేరేది 4.3 వోల్టులే. మిగిలిన 7.7 వోల్టులూ ట్రాన్సిస్టర్ మీద పడతాయి. బేస్ రెసిస్టర్ తగ్గించినా, మరో ట్రాన్సిస్టర్ మార్చినా ప్రయోజనం ఉండదు. ఇలాంటి బోర్డు ఎదురైతే సాచురేషన్ లెక్క వేస్తూ కూర్చోకండి, లోడును కలెక్టర్‌కు మార్చండి.

మూడో మెట్టు: లోడు ఎంత కరెంటు రానిస్తుంది?

ట్రాన్సిస్టర్ స్థానంలో తీగ ముక్క ఉందనుకుని ఎంత కరెంటు పారుతుందో లెక్కించండి. అదే కలెక్టర్ కరెంటుకు పైహద్దు. ఉదాహరణకు 5 వోల్టుల సప్లై, 2 వోల్టులు తీసుకునే ఎర్ర ఎల్ఈడీ, 220 ఓముల రెసిస్టర్. ట్రాన్సిస్టర్ మీద 0.1 వోల్టు వదిలేస్తే రెసిస్టర్ మీద 2.9 వోల్టులు. దాన్ని 220తో భాగిస్తే 13.2 మిల్లీఆంపియర్లు.

నాలుగో మెట్టు: బేస్ కరెంటు, ఆపై నిష్పత్తి

బేస్‌కు 5 వోల్టుల నుంచి 10 కిలోఓముల రెసిస్టర్ ఉందనుకోండి. 5 నుంచి 0.7 తీసివేస్తే 4.3, బేస్ కరెంటు 0.43 మిల్లీఆంపియర్. ఇప్పుడు 13.2ను 0.43తో భాగించండి: సుమారు 31. సర్క్యూట్ ట్రాన్సిస్టర్ మీద బలవంతంగా రుద్దిన గెయిన్ ఇది.

తీర్పు ఇక్కడే. సర్క్యూట్ అడుగుతున్న గెయిన్ ట్రాన్సిస్టర్ ఇవ్వగల కనీస గెయిన్ కంటే తక్కువైతే సాచురేషన్, ఎక్కువైతే యాక్టివ్‌లోనే ఉండిపోవచ్చు. 31 అన్నది 110 కంటే చాలా తక్కువ కాబట్టి ఏ అక్షరం ఉన్న బీసీ547 అయినా ఇక్కడ సాచురేట్ అవుతుంది.

"కనీస" అన్న మాటను వదిలేయకండి. మల్టీమీటర్ మీద గెయిన్ కొలిచే చిన్న గుండ్రటి సాకెట్‌లో పెట్టి 310 వచ్చిందని, ఆ 310తో లెక్క కట్టేవారు ఎందరో. ఆ సాకెట్ బేస్‌లోకి మైక్రోఆంపియర్లలో కరెంటు పంపి, కలెక్టర్-ఎమిటర్ల మధ్య కొన్ని వోల్టులు ఉండగా కొలుస్తుంది. అంటే యాక్టివ్ స్థితిలోని గెయిన్ అది. 70 మిల్లీఆంపియర్ల రిలే వద్ద, అర వోల్టు కూడా మిగలని చోట, ఆ సంఖ్య దొరకదు. ఆ సాకెట్ ట్రాన్సిస్టర్ బతికుందో లేదో చూసుకోవడానికి పనికొస్తుంది, డిజైన్‌కు కాదు.

రిలే మొరాయించే లెక్క

3.3 వోల్టుల మైక్రోకంట్రోలర్ బోర్డుతో 5 వోల్టుల రిలేను నడపడం ఇప్పుడు ప్రతి ఇంటి ఆటోమేషన్ ప్రాజెక్టులోనూ ఉంది. ఇందులో అన్ని చిక్కులూ ఒకేచోట కనిపిస్తాయి కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. మార్కెట్లో దొరికే నీలిరంగు చిన్న రిలేల్లో 5 వోల్టుల కాయిల్ నిరోధం దాదాపు 70 ఓములు. ట్రాన్సిస్టర్ మీద 0.2 వదిలితే కాయిల్‌లో 4.8 ÷ 70, అంటే సుమారు 69 మిల్లీఆంపియర్లు పారాలి.

బేస్‌కు 4.7 కిలోఓములు పెట్టారనుకోండి, ఏదో బొమ్మలో చూసి. ఇంత కరెంటు వద్ద బేస్-ఎమిటర్ వోల్టేజి 0.75 దాకా ఉంటుంది. 3.3 నుంచి అది పోగా 2.55, బేస్ కరెంటు 0.54 మిల్లీఆంపియర్. నిష్పత్తి దాదాపు 127. బీసీ547లో 'ఏ' (A) రకం పడి, ఆ కరెంటు వద్ద దాని గెయిన్ 100 అనుకుంటే, కలెక్టర్ ఇవ్వగలిగింది 54 మిల్లీఆంపియర్లే. కాయిల్ మీద 3.8 వోల్టులు, ట్రాన్సిస్టర్ మీద 1.2. ఇది సాచురేషన్ కాదు.

అసలు సంగతి ఇప్పుడు చూడండి. ఇలాంటి రిలేలు అతుక్కోవడానికి రేటింగ్‌లో 75 శాతం వోల్టేజి చాలని డేటాషీట్లు చెబుతాయి. 5లో 75 శాతం 3.75. మనకున్నది 3.8! బల్ల మీద పనిచేస్తుంది, సీ రకం ట్రాన్సిస్టర్ పడితే ఇంకా బాగా పనిచేస్తుంది. పిన్ను వోల్టేజి 3.3 నుంచి కాస్త జారినా, గెయిన్ కాస్త తక్కువ ఉన్న ముక్క పడినా రిలే ఊరుకుంటుంది. మరుసటి రోజు మళ్లీ పనిచేస్తుంది. సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకుంటూ రాత్రంతా కోడ్ తిరగేసేది ఇలాంటి చోటే.

సరిచేయడం తేలిక. నిష్పత్తి 10 నుంచి 20 మధ్య ఉండేలా చూడండి. 470 ఓములు పెడితే బేస్ కరెంటు 5.4 మిల్లీఆంపియర్లు, నిష్పత్తి 13 లోపే. మీ బోర్డు పిన్ను అంత ఇవ్వగలదో లేదో దాని డేటాషీట్‌లో చూసుకోండి. కరెంటు లాగినప్పుడు పిన్ను 3.3 నుంచి కొంత జారుతుంది కూడా, అందుకే లెక్కను అంచు మీద ఆపవద్దు. బీసీ547 గరిష్ఠ కరెంటు 100 మిల్లీఆంపియర్లు కాబట్టి 69 పరిమితిలోనే ఉన్నా, నేనైతే ఇక్కడ 2222 రకమే వాడతాను. కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడ్ తలకిందులుగా ఉండాలన్నది వేరే చెప్పనక్కరలేదు.

సాచురేషన్‌కు కొద్దిలో అందకుండా మిగిలితే వచ్చే నష్టం ఎంత? 12 వోల్టుల మీద 24 ఓముల లోడు తీసుకోండి. సగం తెరుచుకున్న ట్రాన్సిస్టర్ మీద 6 వోల్టులు, పావు ఆంపియర్: 1.5 వాట్లు. ప్లాస్టిక్ పీఎన్2222ఏ భరించగలిగేది 625 మిల్లీవాట్లు. పూర్తి అర ఆంపియర్‌తో సాచురేషన్‌లో ఉంటే డేటాషీట్ గరిష్ఠం ప్రకారం కూడా అర వాటు లోపే. ఎక్కువ కరెంటు మోస్తూ తక్కువ వేడెక్కడం వింతగా ఉన్నా, వోల్టేజి పడిపోవడమే అందుకు కారణం.

ఎమిటర్ రెసిస్టర్ ఉన్న సర్క్యూట్లో: ఊహ, లెక్క, తనిఖీ

స్విచ్ సర్క్యూట్లకు పై నిష్పత్తి చాలు. బేస్‌కు రెండు రెసిస్టర్ల డివైడర్, ఎమిటర్ కింద మరో రెసిస్టర్ ఉన్న ఆంప్లిఫయర్‌లో బేస్ కరెంటు ముందుగా తెలియదు. పరీక్షల్లో వచ్చేది ఇదే. పద్ధతి: ఒక స్థితిని ఊహించండి, దాని సూత్రాలతో లెక్క కట్టండి, వచ్చిన జవాబు ఆ ఊహకు లోబడి ఉందో లేదో చూడండి.

12 వోల్టుల సప్లై, పైన 47 కిలోఓములు, కింద 10 కిలోఓములు, ఎమిటర్‌లో 1 కిలోఓము, కలెక్టర్‌లో 4.7 కిలోఓములు, గెయిన్ 200. యాక్టివ్ అనుకుందాం. డివైడర్ వద్ద 12 × 10 ÷ 57 = 2.1 వోల్టులు. ఎమిటర్ 1.4, కరెంటు 1.4 మిల్లీఆంపియర్లు. కలెక్టర్ రెసిస్టర్ మీద 6.6 పడితే కలెక్టర్ వద్ద 5.4. కలెక్టర్-ఎమిటర్ల మధ్య 4 వోల్టులు. ఊహ నిలబడింది, యాక్టివే.

ఇప్పుడు కలెక్టర్ రెసిస్టర్‌ను 10 కిలోఓములు చేయండి. అదే ఊహతో 1.4 మిల్లీఆంపియర్లు 10 కిలోఓముల్లో పారితే 14 వోల్టులు పడాలి. సప్లై 12. కలెక్టర్ గ్రౌండ్ కంటే 2 వోల్టులు దిగువకు వెళ్లాలి, అది జరగదు. యాక్టివ్ అన్న ఊహ కూలిపోయింది.

చాలామంది ఇక్కడే ఆగి "సాచురేషన్" అని రాసేస్తారు. ఇంకో అడుగు వేస్తే రూఢి అవుతుంది. సాచురేషన్ ఊహించి, కలెక్టర్-ఎమిటర్ మధ్య 0.1, బేస్-ఎమిటర్ మధ్య 0.7 పెట్టండి. డివైడర్‌ను 2.1 వోల్టుల సోర్సుగా, 8.25 కిలోఓముల రెసిస్టర్‌గా మార్చుకుని ఎమిటర్ వోల్టేజికి సమీకరణం సాధిస్తే సుమారు 1.11 వోల్టులు వస్తుంది. కలెక్టర్ కరెంటు 1.08 మిల్లీఆంపియర్లు, బేస్ కరెంటు 0.035. భాగిస్తే 31. ట్రాన్సిస్టర్ గెయిన్ 200 కంటే ఇది తక్కువ, కాబట్టి ఊహ నిలబడింది. బేస్ కరెంటు ఒకప్పుడు 7 మైక్రోఆంపియర్లు, ఇప్పుడు 35. ఎమిటర్ రెసిస్టర్ ఉన్నప్పుడు సాచురేషన్ బేస్ వైపును కూడా కదిలిస్తుందన్న సంగతి ఈ అంకెల్లోనే ఉంది.

ఆంప్లిఫయర్‌లో సాచురేషన్ లోపమే. ఆసిల్లోస్కోపులో కలెక్టర్ తరంగం అడుగు భాగం గీతగీసినట్టు చదునైతే ఎన్‌పీఎన్ సాచురేషన్‌ను తాకుతోందని, పైభాగం చదునైతే కటాఫ్‌ను తాకుతోందని అర్థం.

మీటరుతో కొలవడం

సర్క్యూట్ ఆన్ చేసి, లోడు కలిపి ఉంచి, డీసీ వోల్టేజి 20 రేంజిలో మొదలుపెట్టండి. ఏ తీగా విప్పనక్కరలేదు. ప్రోబ్‌లు ట్రాన్సిస్టర్ కాళ్లనే తాకాలి. నల్ల ప్రోబ్‌ను బ్రెడ్‌బోర్డు చివరన ఉన్న గ్రౌండ్‌లో గుచ్చితే మధ్యలోని వదులు కాంటాక్టులు, సన్నని జంపర్ తీగలు తినే వోల్టేజి కూడా కలిసిపోతుంది. 70 మిల్లీఆంపియర్లకు ఒక ఓము వదులుంటే 0.07 వోల్టు. మనం వెతుకుతున్న అంకెలు ఆ స్థాయివే.

నాలుగు కొలతలు తీసుకోండి: బేస్-ఎమిటర్, కలెక్టర్-ఎమిటర్, బేస్ రెసిస్టర్ మీద, లోడు రెసిస్టర్ మీద. పైన చెప్పిన ఎల్ఈడీ సర్క్యూట్లో ఇవి వరుసగా 0.72, 0.09, 4.28, 2.86 వచ్చాయనుకుందాం. కలెక్టర్-ఎమిటర్ 0.09, బేస్-ఎమిటర్ కంటే ఎంతో తక్కువ. బేస్ కలెక్టర్ కంటే 0.63 వోల్టు ఎత్తులో ఉంది, అంటే రెండో జంక్షన్ కూడా ఫార్వర్డ్. 4.28ను 10 కిలోఓములతో భాగిస్తే 0.43 మిల్లీఆంపియర్, 2.86ను 220తో భాగిస్తే 13. నిష్పత్తి 30. మూడు దారులూ ఒకేచోట కలిశాయి. ఇక సందేహం లేదు.

ఒక్క కలెక్టర్-ఎమిటర్ వోల్టేజి చూసి తీర్పు చెప్పడం ఎందుకు చాలదంటే, సున్నాకు దగ్గరి అంకె రావడానికి ఇంకా కారణాలున్నాయి. లోడు తీగ ఊడిపోయి ఉంటే కలెక్టర్‌కు కరెంటే లేదు. బేస్‌కు అతి కొద్ది కరెంటు ఉన్నా అక్కడ దాదాపు సున్నా కనిపిస్తుంది. లోడు మీద వోల్టేజి ఉందో లేదో చూడటం అందుకే. ట్రాన్సిస్టర్ కాలిపోయి కలెక్టర్-ఎమిటర్ షార్ట్ అయినా సున్నాయే. బేస్‌ను గ్రౌండ్‌కు తాకించి చూడండి: కలెక్టర్ సప్లై వోల్టేజికి ఎగబాకితే ట్రాన్సిస్టర్ బాగున్నట్టు, కదలకపోతే పోయినట్టు.

పిన్ను పీడబ్ల్యూఎంలో, అంటే వేగంగా ఆన్-ఆఫ్ అవుతూ నడుస్తుంటే మీటరు మిమ్మల్ని పూర్తిగా తప్పుదోవ పట్టిస్తుంది. 12 వోల్టుల ఫ్యాను 50 శాతం డ్యూటీలో (సగం సమయం ఆన్, సగం ఆఫ్) నడుస్తుంటే మీటరు సుమారు 6 చూపిస్తుంది. ఆన్ అయిన ప్రతి క్షణం ట్రాన్సిస్టర్ సాచురేషన్‌లోనే ఉండవచ్చు, మీటరు చూపేది సగటు. కొలిచేంతసేపు పిన్నును స్థిరంగా ఆన్‌లో ఉంచండి, లేదా స్కోపు వాడండి.

కలెక్టర్, ఎమిటర్ తారుమారైనప్పుడు కనిపించే లక్షణం విచిత్రంగా ఉంటుంది. ట్రాన్సిస్టర్ కొద్దిగా పనిచేస్తుంది! తిరగేసినప్పటి గెయిన్ చాలా తక్కువ కాబట్టి లోడు నీరసంగా నడుస్తుంది. ఇక బీసీ547 ఎమిటర్-బేస్ రివర్స్ పరిమితి 6 వోల్టులే కనుక, 12 వోల్టుల సర్క్యూట్లో బేస్‌కు సున్నా ఇచ్చినా అటునుంచి కరెంటు కారుతూ ఉండవచ్చు. ఆన్‌లో నీరసం, ఆఫ్‌లో పూర్తిగా ఆరకపోవడం కలిసి కనిపిస్తే ముందుగా కాళ్ల వరుస చూడండి.

లెక్క లేకుండా తేల్చే పరీక్ష

బోర్డు మీద విలువలు చెరిగిపోయి, లోడు నిరోధం తెలియనప్పుడు నేను ఎక్కువగా నమ్మేది ఈ పరీక్షనే. బేస్ రెసిస్టర్‌కు సమాంతరంగా అంతే విలువ ఉన్న మరో రెసిస్టర్ తాకించండి. బేస్ కరెంటు దాదాపు రెట్టింపవుతుంది. కలెక్టర్-ఎమిటర్ వోల్టేజి 0.12 నుంచి 0.08కి జారి, లోడు మీద వోల్టేజి కదలకపోతే ట్రాన్సిస్టర్ ముందే సాచురేషన్‌లో ఉంది. 2.4 నుంచి 0.3కి దూకితే, లేదా ఫ్యాను ఒక్కసారిగా వేగం పెంచితే, అంతకుముందు అది యాక్టివ్‌లో ఉంది. సాచురేషన్ లక్షణాన్నే చేత్తో పరీక్షించడం ఇది: బేస్ పెంచినా కలెక్టర్ పెరగకపోవడం. తాకించేముందు పిన్ను రెట్టింపు కరెంటును భరిస్తుందో లేదో మాత్రం చూసుకోండి.

పీఎన్‌పీ, డార్లింగ్టన్, మాస్‌ఫెట్

పీఎన్‌పీకి అన్నీ తలకిందులు. బీసీ557లో ఎమిటర్ ప్లస్ వైపు, లోడు కలెక్టర్‌కూ గ్రౌండ్‌కూ మధ్య. ఎర్ర ప్రోబ్ ఎమిటర్ మీద, నల్లది కలెక్టర్ మీద పెట్టి అవే అంకెలు చూడండి.

డార్లింగ్టన్‌లో పై నియమాలను గుడ్డిగా వాడితే తప్పుడు తీర్పు వస్తుంది. టీఐపీ122 లోపల రెండు ట్రాన్సిస్టర్లు ఉంటాయి. మొదటిది సాచురేట్ అయినా, రెండోదాని కలెక్టర్-ఎమిటర్ మధ్య మొదటిదాని సాచురేషన్ వోల్టేజీ, తన బేస్-ఎమిటర్ వోల్టేజీ కలిపి ఉండి తీరాలి. అంటే 0.7 కంటే కిందికి రావడం దాని వల్ల కాదు. 3 ఆంపియర్ల వద్ద డేటాషీట్ 2 వోల్టుల దాకా అనుమతిస్తుంది. యూఎల్ఎన్2003 కూడా ఇదే కుటుంబం. దాని మీద 0.9 వోల్టు చూసి కంగారు పడి బేస్ రెసిస్టర్లు మార్చకండి.

మాస్‌ఫెట్‌లో ఈ పదమే వేరే స్థితికి వాడతారు. డ్రెయిన్ వోల్టేజి పెంచినా కరెంటు పెరగని స్థితిని అక్కడ సాచురేషన్ అంటారు. అది బైపోలార్‌లోని (ఇప్పటిదాకా చూసిన ట్రాన్సిస్టర్ రకం) యాక్టివ్‌కు సాటి. స్విచ్‌గా పూర్తిగా తెరుచుకున్న మాస్‌ఫెట్ ఉండేది ట్రయోడ్ ప్రాంతంలో. ఇంటర్వ్యూల్లో దీని మీద ప్రశ్న పడటం మామూలే.

ఎంత లోతుకు తోయాలి?

నిష్పత్తి 10 మంచిదైతే 2 ఇంకా మంచిదా? రిలే, ఎల్ఈడీ, సైరన్ లాంటి నిదానమైన లోడ్లకు పిన్ను కరెంటు వృథా కావడం తప్ప నష్టం లేదు. వేగంగా మారే సర్క్యూట్లో ఉంది. సాచురేషన్‌లో ట్రాన్సిస్టర్ బేస్ ప్రాంతంలో ఛార్జి పేరుకుపోతుంది. బేస్‌ను ఆపేసినా ఆ ఛార్జి ఖాళీ అయ్యేదాకా కలెక్టర్ ఆన్‌లోనే ఉంటుంది. 2ఎన్3904 డేటాషీట్‌లో ఈ స్టోరేజి సమయం 200 నానోసెకండ్ల దాకా రాసి ఉంటుంది, అదీ బేస్ నుంచి కరెంటును వెనక్కు లాగుతూ కొలిచినప్పుడు. ఒట్టి రెసిస్టర్‌తో వదిలేస్తే ఇంకా ఎక్కువ పడుతుంది. సెకనుకు వందల సార్లు మారే ఫ్యానుకు ఇది లెక్కలోకి రాదు. లక్షల సార్లు మారాల్సిన చోట బేస్, కలెక్టర్ల మధ్య షాట్కీ డయోడ్ పెట్టి, ట్రాన్సిస్టర్‌ను సాచురేషన్ గుమ్మం దగ్గరే ఆపేస్తారు. 74ఎల్ఎస్ రకం చిప్‌ల లోపల ఉన్న ఏర్పాటు ఇదే. అలాంటి బోర్డు మీద కలెక్టర్-ఎమిటర్ మధ్య 0.3 నుంచి 0.4 వోల్టు కనిపిస్తే దాన్ని అలాగే వదిలేయండి.